తల్లి పొర

పట్టీ మళ్ళీ ఎర్రబడింది.

వరహాలమ్మ చేతిలో చట్నీ గిన్నె అలాగే పట్టుకుని కూతురి ఎడమ కాలి వైపు చూసింది. చీలమండ పైన వేలెడు వెడల్పున చుట్టిన ఆ పట్టీ ఐదు నిమిషాల క్రితం లేత అరిటాకు రంగులో ఉంది. ఇప్పుడు పండు మిరపకాయలా ఉంది. హైమ మంచం మీద గోడకి ఆనుకుని ఇడ్లీ తుంచుకుంటోంది. కట్టు కట్టిన కాలు తలగడ మీద, ఆమెది కానట్టు పడి ఉంది.

"ఒలే, మళ్ళీ ఎర్రబడిపోనాది."

"కనబడతందమ్మా."

"ఏటి తిన్నావు?"

"నువ్వు పెట్టిందే. రెండిడ్లీ. అందులో ఒకటిన్నర ఇంకా పళ్ళెంలోనే ఉంది."

"సూది ఏసుకున్నావా?"

"నీ ముందే ఏసుకున్నాను కదా."

"ఎన్ని పాయింట్లు? సరిగ్గా ఏసుకున్నావా? మందు బయటికి కారిపోలేదు కదా?"

హైమ పళ్ళెం పక్కన పెట్టేసింది. "నాలుగేళ్ళు బస్సులో కండక్టరు పని చేసానమ్మా. చెకింగోళ్ళు కూడా ఒక్క మనిషిని ఇన్నిసార్లు టికెట్టు అడగరు."

వరహాలమ్మకి నవ్వు రాలేదు. గూట్లోంచి పుస్తకం తీసి, పెన్ను విదిలించి రాయడం మొదలుపెట్టింది. పట్టీ ఎర్రబడ్డప్పుడల్లా దానికి ముందు పావుగంటలో ఏం జరిగిందో రాయాలని పరిశోధనాలయం వాళ్ళు చెప్పారు. ఆమె చదువు ఏడో తరగతి. పదకొండేళ్ళుగా నెల్లిమర్ల బళ్ళో మధ్యాహ్న భోజనం వండుతోంది. అక్కడి రిజిస్టరు రాసీ రాసీ అలవాటైన చెయ్యి కాబట్టి, ఇక్కడా అలాగే పొందికగా రాసింది. ఉదయం ఎనిమిది పది. ఎరుపు. ఇడ్లీ సగం. కొబ్బరి చట్నీ, ఉప్పు తక్కువ. సూది పన్నెండు పాయింట్లు. షుగరు నూట ముప్పయి. నడవలేదు.

ఇరవై మూడు రోజులుగా అవే రాతలు. ఇంకో వారం రోజులే గడువు. ఆలోగా పట్టీ రోజుకి కనీసం పదహారు గంటలు పచ్చగా ఉండాలి. ఇప్పుడు తొమ్మిది, మహా అయితే పది గంటలు ఉంటోంది. పదహారుకి చేరకపోతే పుండుకి రక్తం అందదు, పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టరమ్మ మెత్తటి గొంతుతో చెప్పింది. ఎంత మెత్తగా చెప్తే మాత్రం, ఆ మాటకి పదును తగ్గుతుందా?

ఆ పుండు ఎలా పడిందో తలుచుకుంటే వరహాలమ్మకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బస్సులో ఇంజను పక్కనుండే ఇనప రేకు మీద కాలు పెట్టుకుని హైమ టికెట్ల లెక్క చూసుకుంది. రేకు కాలిపోతోంది. కాలికి తెలియలేదు. పదమూడో ఏట వచ్చిన షుగరు పన్నెండేళ్ళలో ఆ కాలికి వేడీ చల్లా తెలియకుండా చేసేసింది. చెప్పు విప్పితే చిటికెన వేలి దగ్గర నుంచి పాదం అంచు దాకా చర్మం ఊడొచ్చింది. అదే కాలు, అదే ఎడమ వైపు. హైమ తండ్రి సన్యాసినాయుడికీ అలాగే మొదలైంది. మొదట వేలు, తర్వాత పాదం, తర్వాత మోకాలు. తర్వాత తొమ్మిది నెలలకి మనిషి.

అందుకే విశాఖపట్నంలో కొండ మీది పరిశోధనాలయం వాళ్ళు కొత్త పద్ధతి ఒకటుందని పిలిస్తే, వరహాలమ్మ పూర్తిగా వినకుండానే తలూపింది.

ఆ రోజు డాక్టర్ సువర్చల ఒక అద్దపు పళ్ళెం తెచ్చి చూపించింది. అందులో ఏమీ లేనట్టే ఉంది. వెలుతురుకి వంచి చూస్తే మాత్రం, పాల మీద అప్పుడే కట్టిన మీగడ లాంటిది సన్నగా మెరిసింది.

"రక్తం పారే ప్రతి గొట్టానికీ లోపల ఇలాంటి పొర ఉంటుందమ్మా. ఇది చెప్తేనే గొట్టం విచ్చుకుంటుంది. ఇది వద్దంటే బిగుసుకుంటుంది. చక్కెర ఏళ్ళ తరబడి దీన్ని గీకేసింది. హైమ కాల్లో గొట్టాలున్నాయి, చెప్పే పొర లేదు."

"దానిదే తీసి పెంచలేరా?"

"ప్రయత్నించాం. పెరగడం లేదు. చక్కెరలో నాని నాని ఓపిక పోయింది వాటికి. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాళ్ళది కావాలి."

వరహాలమ్మ వెంటనే జబ్బ మీద చీర పైకి జరిపి చెయ్యి చాపింది. మోచేతి నరంలోంచి గోరంత ముక్క తీశారు. నలభై రోజులు అద్దపు పళ్ళేల్లో పెంచారు. మిణుగురుల్లా వెలిగే రేణువులు కొన్ని అందులో కలిపి, సన్నటి గొట్టం గుండా హైమ కాలి నాళాల్లో పరిచారు. ఆ రేణువుల వెలుగు చూసే పట్టీ రంగు మారుస్తుంది. నాళం విచ్చుకుంటే పచ్చ. బిగుసుకుంటే ఎరుపు. మొదటి రోజు పట్టీ పచ్చబడినప్పుడు వరహాలమ్మ మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. మొగుణ్ణి కాపాడుకోలేకపోయినా, కూతురి కాల్లో తన ఒంటి ముక్క కాపలా ఉందనుకుంది.

ఆ కాపలాయే ఇప్పుడు పగలంతా తలుపులు మూసుకుంటోంది. ఎందుకో ఎవరికీ అంతుపట్టడం లేదు.

---

ఇరవై నాలుగో రోజు వాళ్ళిద్దరూ పరిశోధనాలయానికి వెళ్ళారు. డాక్టర్ సువర్చల పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదివింది. చక్కెర బాగుంది. రక్తపోటు బాగుంది. కొవ్వు హద్దులోనే ఉంది. ఉప్పు తక్కువ. పొగ లేదు, సెలవులో ఉంది కాబట్టి బస్సు స్టాండులో బీడీల కంపు కూడా లేదు. కూర్చుని చేసే కాలి కసరత్తులు చేస్తోంది. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చి డాక్టరు పెన్ను కింద పెట్టింది.

"రాత్రి నిద్రలో మొత్తం పచ్చగానే ఉంటోంది. పగలే ఏదో జరుగుతోంది. రోజుకి పదమూడు, పద్నాలుగు సార్లు. ఒకసారి బిగిస్తే గంట దాకా వదలడం లేదు. ఇంకేమైనా ఉందా హైమా? మాకు చెప్పనిది?"

"ఏమీ లేదు మేడమ్."

ఆ 'చెప్పనిది' అన్న మాట వరహాలమ్మ చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఇంటికి వచ్చే దారంతా బస్సులో ఆమె కిటికీలోంచి బయటికి చూడలేదు, కూతురి సంచి వైపే చూసింది. ఇల్లు చేరాక హైమ స్నానానికి వెళ్ళడం చూసి సంచి బోర్లించింది. అడుగున ఉండ చుట్టిన బిస్కెట్టు కాగితాలు ఆరు దొరికాయి.

హైమ తడి జుట్టుతో, కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చేసరికి ఆరు కాగితాలూ మంచం మీద వరసగా పరిచి ఉన్నాయి.

"ఇయ్యేటి?"

హైమ ఒక కాగితం తీసి చూసింది. "ఎండాకాలం డ్యూటీలో షుగరు పడిపోతే తిన్నవి. బస్సులో చెత్తబుట్ట ఉంటదా? సంచిలో ఏసుకున్నాను."

"ఎండాకాలంవా? నిన్నటివి కావా? నిజం సెప్పు. నానేటి అననులే, సెప్పీ."

"అమ్మా..."

"మీ నాన్న కూడా ఇలాగే. పకోడీలు తినీసి, మూతి తుడుసుకుని ఒచ్చీవోడు. ఆకరికి ఏటైంది? సెప్పు, ఏటైంది?"

పట్టీ ఎర్రబడింది. మామూలు ఎరుపు కాదు, నల్లగా తిరిగిన ఎరుపు. వరహాలమ్మ దాని వైపు వేలు చూపించింది. "సూడు! నిజం బయటపడీసరికి అదే సెప్పీసింది!"

హైమ గోడ వైపు తిరిగి కూర్చుంది. "డాక్టరమ్మకి ఫోను చెయ్యి. నన్ను అక్కడే ఉంచుకుని, రోజంతా కెమెరా పెట్టమను. అప్పుడైనా నమ్ముతావు."

"సేస్తాను. ఎందుకు సెయ్యను?" అని వరహాలమ్మ అప్పటికప్పుడే ఫోను చేసింది.

---

పరిశీలన గదిలో మంచం, కుర్చీ, పైన మూలలో కెమెరా ఉన్నాయి. కిటికీలోంచి దూరంగా సముద్రం కనబడుతుంది. మూడు రోజులు వరహాలమ్మ ఆ కుర్చీలో నిటారుగా కూర్చుంది. తిండి అక్కడి వాళ్ళే కొలిచి పెట్టారు. సూది నర్సు వేసింది. అయినా పట్టీ ఎర్రబడుతూనే ఉంది. దొంగ దొరకలేదు. కూతురు దొంగతిండి తింటోందన్నదే నిజమైతే ఎంత బాగుండేది! తిట్టి మాన్పించవచ్చు. ఏ కారణమూ లేకుండా కాలు పోతే ఎవర్ని తిట్టాలి?

మూడో రోజు మధ్యాహ్నం డాక్టర్ సువర్చల ఆమెని ఒక్కదాన్నీ పక్క గదిలోకి పిలిచింది. తెర మీద పొడుగాటి గీత ఒకటి ఉంది. పచ్చగా సాగి, మధ్య మధ్య ఎర్రగా కిందికి పడుతోంది.

"ఇది చూడండి. మాటలు కూడా వినండి."

తెరలో వరహాలమ్మ ముందుకి వంగి, "తిన్నావా?" అంది. గీత ఎర్రబడింది. "కాలలాగ పెట్టకు, రగతం ఆగిపోద్ది" అంది. ఎర్రబడింది. "ఏటే అలాగున్నావు? కళ్ళు తిరుగుతున్నాయా? నా దగ్గర దాసుతున్నావా?" ఎర్రబడింది. ఆమె నీళ్ళ సీసా నింపడానికి బయటికి వెళ్ళిన ఇరవై నిమిషాలూ గీత పచ్చగా, చదునుగా సాగింది. తలుపు తెరుచుకోగానే కింద పడింది.

వరహాలమ్మ తెరని చూసింది. తర్వాత డాక్టరుని చూసింది.

"మీ పుస్తకంలో తిండి ఉంది, మందు ఉంది, నిద్ర ఉంది. మీరు ఎక్కడా లేరమ్మా," అంది సువర్చల.

"నానెందుకుంటాను? దానికేటి పెట్టానో రాసాను. బియ్యం ఎన్ని కేజీలు, పప్పెంత, గుడ్లెన్ని, అయ్యి రాస్తాం. గరిటి తిప్పిన మనిసిని రిజిస్టర్లో ఎవలు రాస్తారండీ?"

డాక్టరు తెర ఆపేసింది. "అందరు అమ్మలూ అడుగుతారు. అడిగితే పిల్లల ఒంట్లో కాస్త కంగారు రసం ఊరుతుంది. చాలా కొంచెం. మామూలు పొర దాన్ని పట్టించుకోదు. అందుకే మాకు తట్టలేదు. నాతో రండి."

సూక్ష్మదర్శిని కింద రెండు పళ్ళేలు పక్కపక్కన ఉన్నాయి. వాటి బొమ్మలు గోడ మీద పెద్దవిగా కనిపిస్తున్నాయి. పలకలు పరిచినట్టు చిన్న చిన్న కణాలు, ఒకదాని పక్కన ఒకటి. "ఎడమ వైపు వేరే మనిషివి. కుడి వైపు మీవి." రెండింటిలోనూ సమానంగా ఆ రసం చుక్క వేసింది. ఎడమ వైపువి ఒక్కసారి అటూ ఇటూ కదిలి ఊరుకున్నాయి. కుడి వైపువి వేలు తగిలిన అత్తిపత్తి ఆకుల్లా అన్నీ ఒకేసారి ముడుచుకుపోయాయి. నిమిషం గడిచింది. ఐదు నిమిషాలు గడిచాయి. విప్పుకోలేదు.

"ఎన్నేళ్ళుగా ఇంత భయపడుతున్నారమ్మా?"

వరహాలమ్మ లెక్కపెట్టబోయింది. పదిహేడో ఏట పెళ్ళి. మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. తర్వాత మొగుడి దగ్గు, మొగుడి షుగరు, మొగుడి వేలు, మొగుడి కాలు. హైమకి పదమూడో ఏట బళ్ళో కళ్ళు తిరిగి పడిపోవడం. బళ్ళో వంటకి నిప్పు వెలిగించే ప్రతి ఉదయం, ఏ పిల్లకి ఏమవుతుందోనన్న గుబులు. ఎప్పటి నుంచి అంటే చెప్పడం కష్టం. ఎప్పుడు పడలేదని అడిగితే అసలు జవాబే లేదు.

"మీ ఒంట్లో ఉన్నన్నాళ్ళూ వాటికి అది అలవాటైపోయింది. చిన్న అలికిడికే తలుపులు వేసుకోవడం నేర్చుకున్నాయి. ఆ సంగతి మేం ముందే పరీక్షించాల్సింది. తప్పు మాది."

"తప్పు మీదైతే కాలు మీది పోద్దా?" అంది వరహాలమ్మ. ఆ మాట అంత గట్టిగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు. "అడిగారు, ఇచ్చాను. నా దగ్గర మంచిదేటి ఉంది, సెడ్డదేటి ఉంది, సూసుకోవాలని నాకేటి తెలుసు? ఇన్నేళ్ళూ నా బయ్యం నాలోనే ఉండీది. మీరు దాన్ని తీసుకెళ్ళి దాని కాల్లోకి ఎక్కించీసారు. ఇప్పుడు నన్నే బయటికి పొమ్మంటారు. అంతే కదా మీరు సెప్పబోతన్నది?"

డాక్టరు సరిగ్గా అదే చెప్పబోతోంది. పొరని తీసేస్తే ఉన్న కాస్త రక్తమూ ఆగిపోతుంది. అందుకని ఒకే దారి. మిగిలిన కొద్ది రోజుల గడువుని పది రోజులకి పెంచగలరు, అంతకు మించి పుండు ఆగదు. ఆ పది రోజులూ హైమ ఇక్కడే ఉండాలి. తల్లి రాకూడదు, ఫోను చేయకూడదు. ఎందుకో హైమకి చెప్పకూడదు, చెప్తే దాని గురించే కంగారు పడుతుంది. పొరకి కాస్త నెమ్మది అలవాటవుతుందేమో చూడాలి. పచ్చగా ఎన్ని గంటలుందో ఆ అంకె ఒక్కటీ రోజూ సాయంత్రం నర్సు పంపిస్తుంది.

గదిలోకి వెళ్ళి తన గుడ్డసంచి తీసుకునేటప్పుడు వరహాలమ్మ కూతురి మొహం చూడలేదు. చూస్తే ఏదో ఒకటి అడిగేస్తుంది.

"అమ్మా, ఎక్కడికి?" అంది హైమ.

వరహాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని తలుపు మూసింది.

---

మొదటి రోజు పదమూడు. రెండో రోజు పద్నాలుగు. మూడో రోజు పదిహేను.

అంకె పెరిగినందుకు సంతోషించాలో, తను లేకపోతేనే పెరుగుతున్నందుకు ఏడవాలో తెలియక వరహాలమ్మ ఆ మూడు రోజులూ బడి సాంబారులో రెండుసార్లు ఉప్పు వేసింది. తోటి వంటమనిషి బంగారమ్మ ఉడికిన బంగాళాదుంపలు వలుస్తూ ఓరకంట చూసింది.

"అక్కా, ఉప్పు తినకూడదని నీ కూతురికి సెప్పి, మా పిల్లలందరికీ పెట్టీస్తన్నావేటి?"

"ఊరుకో బంగారీ."

"అంకె పెరుగుతంది కదా! ఇంకేటి?"

"పెరిగింది. నాను సస్తే ఇరవై నాలుగుకి పెరుగుద్ది గావాల."

బంగారమ్మ దుంప కింద పడేసింది. "అయ్యేటి మాటలక్కా! డాక్టర్లు పొద్దున ఒకటి సెప్తారు, సందేళ ఇంకోటి సెప్తారు. నువ్వు కూకుని నీళ్ళు తాగు."

నాలుగో రోజు అంకె పదిహేను దగ్గరే ఆగింది. ఐదో రోజు పదమూడు. ఆరో రోజు పదకొండు. వరహాలమ్మ ఫోను తిప్పి తిప్పి చూసింది, నర్సు పొరపాటున తారుమారు చేసిందేమోనని. తను అడగడం లేదు. మాట్లాడటం లేదు. కనబడటమే లేదు. మరెవరు మూస్తున్నారు తలుపు?

ఏడో రోజు తొమ్మిది.

పొయ్యి మీద అన్నం కుతకుతలాడుతుండగానే గరిటె బంగారమ్మ చేతికిచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుని ఆమె విశాఖపట్నం బస్సెక్కింది. రావద్దన్న సంగతి గుర్తు లేక కాదు. వెళ్తే ఎరుపు, వెళ్ళకపోయినా ఎరుపే అయినప్పుడు, వెళ్ళిన తప్పు తన మీదే ఉంటే మేలనుకుంది.

డాక్టర్ సువర్చల గది బయటే ఎదురైంది. ఆమె కళ్ళ కింద నల్లగా ఉంది. "నేనే మీకు ఫోను చేద్దామనుకున్నాను. హైమ నాలుగు రోజులుగా సరిగా తినడం లేదు. ఏమైందంటే చెప్పదు."

"లోపలికి ఎల్లమంటారా, ఒద్దంటారా?"

"నాకు తెలియడం లేదమ్మా," అంది డాక్టరు. అంత చదువుకున్న మనిషి ఆ మాట అనడం వరహాలమ్మ మొదటిసారి విన్నది.

లోపల హైమ చిక్కిపోయి ఉంది. తల్లిని చూడగానే లేచి కూర్చుంది. వరహాలమ్మ కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పెదాలు బిగించింది. ఒక్క మాట కూడా అనకూడదని దారంతా ఒట్టు పెట్టుకుంది. గడియారం టిక్కుటిక్కుమంటోంది. పట్టీ పచ్చగా ఉంది. పసుపైంది. ఎర్రబడింది.

"ఎప్పుడు తీస్తారంట?" అంది హైమ.

వరహాలమ్మ తల అడ్డంగా ఊపింది, అర్థం కాలేదన్నట్టు.

"నా కాలు. ఎప్పుడు తీసేస్తారు? అందుకే కదా నువ్వు ఇన్నాళ్ళూ రాలేదు, ఫోను చెయ్యలేదు? నర్సునడిగితే డాక్టర్నడగమంటుంది. డాక్టరుగారు అంతా బానే ఉందంటారు. నాన్నకి కాలు తీసే ముందు కూడా నువ్వు వారం రోజులు ఇలాగే నోరు కట్టుకున్నావు. ఆయన ఏటడిగినా పలకలేదు. అప్పుడు నాకు పదకొండేళ్ళు. నువ్వు అడుగుతున్నంతసేపూ పరవాలేదని, నువ్వు ఊరుకుంటే పని అయిపోయిందని నాకు అప్పుడే తెలిసిపోయింది."

పట్టీ నల్లబడింది.

వరహాలమ్మ లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. తలుపు దగ్గర డాక్టరు ఉందనీ, పైన కెమెరా ఉందనీ, దేనికీ ఆగలేదు.

"మాటాడితే ఎరుపు! మాటాడకపోతే ఎరుపు! నన్నేటి సెయ్యమంటారు మీరందరూ? గోడకి కొట్టిన మేకునా నాను? ఏడు రోజులు! ఏడు రోజులు నోట్లో గుడ్డ కుక్కుకున్నాను, ఎవలి కోసం? కాలికి మంచిదంటే! ఇది సూస్తే తిండి మానీసి, లేనిపోనియ్యన్నీ ఊహించుకుని కూకుంది! ఇంత సదువుకున్నావు, టికెట్లు కోసావు, ఊళ్ళన్నీ తిరిగావు, నీకు నా బుద్ధే ఒచ్చిందేటే? నా నరమే పెట్టారనుకున్నాను, నా బుర్ర కూడా పెట్టీసారా?" ఊపిరి తీసుకుంది. తర్వాతి మాట గొంతులోంచి కాక ఇంకెక్కడి నుంచో వచ్చినట్టుంది. "నాకు బయ్యం. విన్నావా? నీ కాలు పోద్దని బయ్యం. నువ్వు మీ నాన్నలాగ పోతావని బయ్యం. తిన్నావా అన్నప్పుడల్లా నాను అడిగింది అదే. సూది ఏసుకున్నావా అన్నప్పుడల్లా అదే. ఆ కాయితాలు పరిసినప్పుడూ అదే. ఆ మాట పైకి అనడానికి నోరు రాక, ఇడ్లీల గురించి అడిగాను."

హైమ చెయ్యి చాపి తల్లి కొంగు పట్టుకుంది.

"నాకూ అదే బయ్యం," అంది. "నువ్వు అడిగినప్పుడల్లా, నీకు బయమేస్తుందని నాకు లేనట్టు జోకులేసేదాన్ని."

"ఏసావులే. ఒక్కటీ నవ్వొచ్చింది కాదు."

హైమకి నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి ముక్కు చీదుకునే శబ్దంలా బయటికి వచ్చాయి. వరహాలమ్మ మంచం అంచున కూర్చుని కొంగుతో కూతురి ముక్కు తుడిచింది, మూడేళ్ళ పిల్లకి తుడిచినట్టు. ఇద్దరూ ఏడ్చారు. సన్యాసినాయుడు దొంగతనంగా తిన్న పకోడీల గురించి మాట్లాడుకున్నారు. తీసేస్తే కర్ర కాలితో బస్సు మెట్లు ఎలా ఎక్కాలో కూడా మాట్లాడుకున్నారు, అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ అనని మాటలన్నీ. డాక్టరు గోడకి ఆనుకుని వింటోంది. పట్టీ నల్ల రంగు నుంచి ఎరుపుకి వచ్చి, ఎరుపు దగ్గర చాలాసేపు మొండికేసి, పసుపైంది. ఆ సాయంత్రం నర్సు భోజనం తెచ్చే సమయానికి పచ్చబడింది.

---

కథల్లో అయితే అక్కడితో అంతా బాగైపోయేది. వీళ్ళకి అలా కాలేదు.

మిగిలిన మూడు రోజుల్లో అంకె పన్నెండుకీ, పద్నాలుగుకీ, చివరికి పదహారుకీ వచ్చింది. అది చాలా ఆలస్యంగా వచ్చింది. పాదం మిగిలింది. చిటికెన వేలూ, దాని పక్క వేలూ మిగల్లేదు. వరహాలమ్మ అడగడం మానలేదు, మానలేకపోయింది. కానీ ఇప్పుడు "తిన్నావా" అని అడగాలనిపించినప్పుడు, "బయమేస్తందే" అని అంటోంది. హైమ కొన్నిసార్లు "నాకూ" అంటుంది. కొన్నిసార్లు "నాకిప్పుడు ఖాళీ లేదు, రేపు బయపడదాం" అంటుంది. కొన్ని రోజులు పట్టీ పదిహేడు చూపిస్తుంది, కొన్ని రోజులు పదమూడు. ఎందుకో ఇద్దరికీ తెలియదు. పట్టీని విసిరి కొట్టాలన్నంత చిరాకు వరహాలమ్మకి వారానికోసారైనా వస్తుంది.

మూడు నెలల తర్వాత పరీక్షకి వెళ్ళినప్పుడు డాక్టర్ సువర్చల ఒక కాగితం ముందు పెట్టింది. ఇకపై పొర ఇచ్చేవాళ్ళని అడగబోయే ప్రశ్నలు అవి. వయసు, బరువు, రక్తపోటు, చక్కెర. చివర కొత్తగా ఒకటి చేర్చారు. మీది తరచుగా భయపడే స్వభావమా? అవును, కాదు.

"మీ వల్లే ఈ ప్రశ్న చేరిందమ్మా. ఇంకో పొరపాటు జరగకుండా."

వరహాలమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివింది. "పిల్లకి షుగరొచ్చి, కాలు కుళ్ళి, ఇక్కడి దాకా వచ్చిన తల్లిని ఇది అడుగుతారా?"

"అడగాలి కదా."

"కాదు అనీ తల్లి ఎవలో దొరికితే నాకూ సూపించండి. ఎలాగుంటాదో సూస్తాను."

సువర్చల కాగితాన్ని వెనక్కి తీసుకుంది.

వరహాలమ్మ బయటికి వచ్చింది. లోపల హైమ కట్టు మార్పించుకుంటోంది. వరండా బెంచీ మీద పాలకొండ వైపు నుంచి వచ్చినట్టున్న ఒకావిడ కూర్చుని ఉంది. ఒళ్ళో ఆస్పత్రి కాగితాల కట్ట, దాన్ని పట్టుకున్న వేళ్ళు తెల్లగా బిగుసుకుపోయి ఉన్నాయి. వరహాలమ్మని చూడగానే జరిగి చోటిచ్చింది.

"మీ అమ్మాయికి ఇక్కడే సేసారంట కదండీ? మా గుంటకి రేపు. ఏటీ కాదు కదండీ?"

వరహాలమ్మ లోపలి తలుపు వైపు చూసింది.

"మంచిదే కదండీ? ఏటీ కాదు కదా? పిల్లకి నొప్పి ఉండదు కదా? కాలు ఉండిపోద్ది కదండీ?"

ఒక్కొక్క ప్రశ్నకీ వరహాలమ్మ మెడ వెనక ఏదో బిగుసుకుంటూ వచ్చింది. విసుగు. ఇంత విసుగు పుడుతుందా ఈ ప్రశ్నలకి? పన్నెండేళ్ళు తన కూతురు ఇది భరించిందా? ఆవిడ నోరు మూయించాలన్నంత కోపం వచ్చింది. ఆ వెంటనే, ఆ కోపం ఎవరి మీదో తెలిసింది.

ఏమీ కాదని చెప్పవచ్చు. అబద్ధమవుతుంది. అవుతుందని చెప్పవచ్చు. అదీ తెలియదు.

ఆమె బెంచీ మీద కూర్చుని, ఆవిడ ఒళ్ళోంచి కాగితాల కట్ట తీసి పక్కన పెట్టింది. చల్లగా ఉన్న ఆ రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుంది.

"నాకు తెలీదు తల్లీ," అంది. "నీకు బయమేస్తందా?"

ఆవిడ ఎవరైనా వింటారేమోనని వరండా అటూ ఇటూ చూసింది. తర్వాత తల ఊపింది.

"లోపలికి పోయి ఆ మాట మీ గుంటతో సెప్పు. నాను ఇక్కడే ఉంటాను."